వాకిట్లో వదిలిన లాంతరు

తొర్రూరు బస్టాండులో హనుమకొండ బస్సెక్కి, చున్నీ ముఖానికి చుట్టుకుని, కిటికీ పక్కన ముడుచుకు కూర్చున్నాక గానీ దీపకు ఊపిరి ఆడలేదు. తల్లి లచ్చికి చెప్పి వచ్చిన అబద్ధం చిన్నదే. టైలర్ దగ్గర జాకెట్ తెచ్చుకుని ఇట్టే వస్తానంది. ఆ చిన్న అబద్ధం పొద్దుగూకేదాకా సాగాలి.

పొద్దుగూకితే బెల్లం తింటారు.

దీప వాళ్ల తండాలో పెళ్లి మాట ఖాయం కావడానికి కాగితాలు, ఉంగరాలు అక్కర్లేదు. రెండు వైపుల పెద్దలూ తండాకు పెద్దయిన నాయక్ ముందు కూర్చుంటారు. పళ్లెంలో బెల్లం తిరుగుతుంది. అక్కడున్న ప్రతివాడూ ఒక ముక్క నోట్లో వేసుకుంటాడు. ఆఖరి ముక్క నాయక్ తింటాడు. అంతటితో సంబంధం కుదిరినట్టు. బెల్లం తిన్నవాడు దానికి సాక్షి. రేపు వాడే వచ్చి ఈ పెళ్లి వద్దంటే తండాలో ఎవరూ వాడి ముఖం చూడరు. ఈ తతంగంలో పెళ్లికూతురు ఉండి తీరాలన్న పట్టింపు ఎవరికీ లేదు. ఇంట్లో ఉంటే లోపల కూర్చుందంటారు. లేకపోతే జాకెట్ కోసం పోయిందంటారు.

పెళ్లికొడుకు సుభాష్‌ది మహబూబాబాద్ దగ్గర తండా. తాగడు, పేకాడడు, పెద్దవాళ్ల ముందు గొంతు లేపడు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డవాడైతే ఏడ్చి మొత్తుకుని తప్పించుకోవచ్చు. మంచివాణ్ణి వద్దంటే కారణం చెప్పాలి. దీప దగ్గర ఉన్న కారణం పేరు ఐలేశ్.

ఐలేశ్‌ది లింగాల ఘనపూర్. గొర్రెలు కాసుకునే కురుమల ఇల్లు. దీప జనగామలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్నప్పుడు అతను బస్టాండు ముందు ఫోన్లు బాగుచేసేవాడు. పగిలిన ఫోన్ తీసుకుని పోయిన దీప, బాగైన ఫోన్‌తో పాటు కాస్త పరిచయం కూడా తెచ్చుకుంది. ఆ తర్వాత అతనికి భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో ఒక కాంట్రాక్టర్ కింద డంపర్ లారీ నడిపే పని దొరికింది. దూరం పెరిగింది. పెరిగిన దూరంలో వాళ్లిద్దరూ కలుసుకునే చోటు ఒకటే మిగిలింది, ఫోన్‌లో ఒక ఆట.

సోమవారం ఆమె అతనికి గొంతు రికార్డు చేసి పంపింది. "శుక్రవారం మా ఇంట్ల బెల్లం తింటరు. నువ్వొస్తవా, రావా? రానంటే రానని చెప్పు, ఏడ్వను."

చివరి మాట అబద్ధం. అయినా అంది. అతను విన్నట్టు నీలం గుర్తులు పడ్డాయి. జవాబు రాలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఫోన్ స్విచాఫ్.

ఇవాళ శుక్రవారం.

ఫోన్ ఎత్తకపోవడాన్నైనా భరించేదేమో. పొద్దున ఆటలో కనిపించినదాన్ని భరించలేకపోయింది.

ఆ ఆట పేరు 'ఏడు వాకిళ్లు'. ఒక కోట, కోటలో ఊరు, ఊరి మీద పడే దొంగలు. ఇద్దరు కలిసి ఒకే కోట కట్టుకుని ఆడొచ్చు. ఒకరికొకరు మాటలు రాసుకునే వీలు లేదు. ఒకరి బొమ్మ ఎక్కడ ఏం చేసి వెళ్లిందో రెండోవాళ్లకు కనిపిస్తుంది, అంతే. ఆ కోటకు కాపలావాడు భద్రుడు. వాడి వల్లే ఆ ఆటకు అంత పేరు. ఆడేవాళ్లు వాడికి పూలిచ్చి, దెబ్బలకు కట్టు కట్టి, వాడితో వెన్నెల్లో గోడ మీద నడిచి, ఆఖరికి "నన్ను పెళ్లి చేసుకుంటావా" అని అడగొచ్చు. ఎవరడిగినా వాడు జవాబు చెప్పడు. చేతిలోని లాంతరు అడిగినామె వాకిట్లో దించి, బయటి గేటు దగ్గరికి వెళ్లిపోతాడు. లోపలి నుంచి ఆమె అన్నం పళ్లెం తెచ్చినా ముట్టడు. దాని అర్థం ఏమిటని జనం వీడియోలు పెట్టుకుని మరీ కొట్టుకుంటుంటారు. ప్రేమ లేదని కొందరు, ప్రేమ ఉంది గానీ పెళ్లంటే దడ అని కొందరు.

దీప, ఐలేశ్ కూడా ఒకసారి కొట్టుకున్నారు. జనగామ స్టేషన్ బయట, టీ కొట్టు ముందు.

"గీడు పిరికోడు," అని తేల్చేసింది దీప. "ఊరందరి ఇండ్లకు కావలి ఉంటడు గని, ఒక్క ఇంట్లకు పోయి కూసునే దమ్ము లేదు."

"లాంతరు లేకుంట కావలోడు చీకట్ల ఎట్ల తిరుగుతడు?" అన్నాడు ఐలేశ్.

"నాకేం తెలుసు? కొత్తది కొనుక్కుంటడు."

ఐలేశ్ నవ్వి, తండ్రి ఆగయ్య సంగతి చెప్పాడు. ఎరువు కోసం పొలాల్లో గొర్రెల మందను పడుకోబెట్టడం ఆగయ్య పని. ఫలానా రైతు పొలంలో మంద పెడతానని మాటిచ్చాడంటే, భుజం మీది గొంగడి తీసి ఆ ఇంటి దడి మీద వేసి వచ్చేవాడు. ఎంత చలైనా సరే. గొంగడి వేశాక ఇంకో రైతు ఎంత ఆశపెట్టినా పోయేది లేదు. రైతు ఇంటివాళ్లు గొంగడి లోపలికి తీసుకుపోతే ఒప్పుకున్నట్టు. దడి మీదే వదిలేస్తే వద్దన్నట్టు.

"మందలు దిగేదాక ఆ ఇంట్ల అన్నం గూడ ముట్టకపోయేది మా నాయిన. ముందుగాల్నే తింటే సుట్టమైతవురా, మాటిచ్చినోనివి కావు అనేటోడు. భద్రుడు గూడ గంతే. లాంతరు వదిలిండంటే మాటిచ్చినట్టే. నువ్వు ఎన్నడన్న ఆ లాంతరు లోపల పెట్టి చూసినవా?"

పెట్టలేదు. లాంతరు దించగానే ఒళ్లు మండి ఆట మూసేసేది. ఆ మాట ఒప్పుకోకుండా, "నోటితోని చెప్తే ఏం పోతది వానికి?" అంది.

"నోటి మాటకేముంది," అన్నాడు ఐలేశ్.

అప్పుడు ఆ మాట ఆమెకు నచ్చలేదు. ఇప్పుడు గొంతులో ముల్లులా ఉంది. ఎందుకంటే ఇవాళ పొద్దున, జాకెట్ వంక కూడా ఇంకా తట్టకముందు, ఆమె ఆట తెరిచి చూసింది. ఆటలో ఆమె ఇంటి వాకిట్లో ఐలేశ్ బొమ్మ చేతిలో ఉండే లాంతరు వెలుగుతోంది. ఐలేశ్ బొమ్మ లేదు. అది బయటి గేటు దాటి పోయింది.

ఫోనెత్తడానికి తీరిక లేనివాడికి ఆట ఆడటానికి దొరికింది. పైగా ఆ ఆటలోనే దండం పెట్టి పోయాడు. రానని ఒక్క మాట అనమంటే, బొమ్మతో చెప్పించాడు.

దీప ఏడవలేదు. జాకెట్ అంది, చెప్పులేసుకుంది, ఆటో ఎక్కింది. రానంటే రానని వాడి నోటితోనే వినాలి. విని, వాడి ముఖం మీద ఒకటి కొట్టి, వచ్చి ఎవరి బెల్లమైనా ఎవరైనా తిననీ అనుకుంది. బస్సు వర్ధన్నపేట దాటేసరికి ఆ కోపం కరిగి, అడుగున ఉన్నది పైకొచ్చింది. వాడు వస్తాడనే ఇంతకాలం తను బతికింది. రానంటే ఆ తర్వాత ఏం చేయాలో ఆమె ఏనాడూ ఆలోచించుకోలేదు.

హనుమకొండలో బస్సు మారింది. పరకాల దాటాక తల్లి ఫోన్ చేసింది. టైలర్ జాకెట్ చేతులు తప్పు కుట్టాడని, విప్పి మళ్లీ కుడుతున్నాడని దీప చెప్పింది. లచ్చి ఆ టైలర్‌ను, వాడి వంశాన్ని తిట్టి ఫోన్ పెట్టేసింది.

*

భూపాలపల్లిలో ఐలేశ్ గది ఒక వరసలో కట్టిన రేకుల గదుల్లో చివరిది. చెట్ల ఆకుల మీద, ఆరేసిన బట్టల మీద సన్నటి నల్లపొడి. దీప తలుపు బాదింది. తెరిచినవాడు ఐలేశ్ కాదు. నైట్ డ్యూటీ చేసి పడుకుని లేచిన, కళ్లెర్రబడ్డ మనిషి. ఐలేశ్‌తో గది పంచుకునే హీరాలాల్. మహబూబాబాద్ వైపు తండావాడే.

ఐలేశ్ ఏడని అడిగింది.

"నువ్వు దీపవు గద?" అన్నాడు హీరాలాల్. ఆమె తలూపగానే గుమ్మంలోనే నెత్తి పట్టుకుని కూలబడ్డాడు. "నువ్వు గీడికొచ్చినవా చెల్లె. వాడు నీ తానకే పోయిండు."

హీరాలాల్ గబగబా చెప్పుకుపోయాడు. సోమవారం డంపర్ పక్కన నిలబడి ఆమె పంపిన గొంతు విన్నాడట. ఫోన్ జారింది. వెనక్కి వస్తున్న ఇంకో డంపర్ టైరు దాని మీదుగా పోయింది. లోపలి సిమ్ముతో సహా పిండయింది. కొత్త సిమ్ము తీసుకుందామంటే ఆధార్ కార్డు ఊళ్లో ఉంది. దీప నంబరు గుర్తు లేదు. రోజూ పేరు నొక్కి చేయడమే గానీ అంకెలు ఎవరు చూస్తారు? సెలవు ఇవ్వరా అంటే కాంట్రాక్టర్ శుక్రవారం దాకా ఇవ్వలేదు.

"పొద్దుగాల నా ఫోన్ తీసుకుండు. చూస్తే బొమ్మలాట. తిట్టిన నేను. గీ యాల్ల ఆటేందిరా, పిల్ల పెండ్లైతుంటే అన్న. ఆట కాదన్నా, కబురు అన్నడు. దీపకు అర్థమైతది అన్నడు."

దీప అతని తల మీంచి గదిలోకి చూసింది.

"సంచి గూడ తీసుకపోలే. దండెం మీది గొంగడి భుజాన ఏసుకుని పోయిండు. గింత ఎండల గొంగడెందుకురా అంటే ఏం చెప్పలే."

ఎందుకో దీపకు ఒక్కదానికే తెలుసు. ఈ పాటికి ఆ గొంగడి తమ ఇంటి దడి మీద ఉంటుంది. వాడు అది చూస్తూ బయట నిలబడి ఉంటాడు. ఇంట్లోంచి తను వచ్చి దాన్ని లోపలికి తీసుకుపోతుందని చూస్తుంటాడు. తను ఇంట్లో లేదని వాడికి తెలియదు. దడి మీదే వదిలేస్తే వద్దన్నట్టు. పొద్దుగూకేదాకా ఆ గొంగడి అలాగే ఉంటుంది, తను వద్దన్నదనుకుని వాడు వెళ్లిపోతాడు.

అంతకంటే పెద్ద భయం దాని వెనకే వచ్చింది. తండాలో ఎవరైనా వాడి చేతిలో బెల్లం పెడితే?

ఐలేశ్‌కు ఆ రోజు పెళ్లి మాట అని తెలుసు గానీ, బెల్లం తిన్నవాడు సాక్షి అవుతాడన్న తండా కట్టుబాటు తెలియదు. చెప్పే అవసరం ఏనాడూ రాలేదు. ఎవరేం పెట్టినా కాదనడు. పెట్టినవాళ్లు నొచ్చుకుంటారని చద్దన్నం కూడా తినే మనిషి. మర్యాదకు ఒక ముక్క నోట్లో వేసుకున్నాడంటే, దీపను సుభాష్‌కు ఇచ్చినదానికి వాడే సాక్షి. ఆ తర్వాత వాడు ఎంత మొత్తుకున్నా నాయక్ ఒకటే అంటాడు. తిన్నవు గద బిడ్డా.

"నన్ను ఎట్లనన్న తోలియ్యండి," అంది. అదొక్కటే రాగలిగింది నోటికి.

హీరాలాల్ చొక్కా కూడా సరిగ్గా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తాడు. హనుమకొండ పోతున్న బొలెరోను ఆపి, డ్రైవర్‌ను పేరు పెట్టి పిలిచి, తన చెల్లెలని చెప్పి ఎక్కించాడు.

*

పరకాల చేరకముందే దారి మూసుకుపోయింది. ఒక బొగ్గు లారీ అడ్డం తిరిగింది, వెనక లారీలన్నీ బారులు తీరాయి. డ్రైవర్ ఇంజన్ ఆపి బీడీ ముట్టించాడు. దీప దిగి లారీల పక్క నుంచి కొంత దూరం నడిచింది, నడిచి ఏం చేయాలో తెలియక తిరిగొచ్చింది. అన్న భార్య సంగీతకు ఫోన్ చేసింది.

సంగీత ఎత్తుతూనే మొదలుపెట్టింది. "ఏ టైలర్‌మ్మా వాడు, జాకెట్ కుడుతున్నడా, గుడారం కుడుతున్నడా? మీ అన్న రెండుసార్లు అడిగిండు."

దీప ఆ మాటలు పట్టించుకోలేదు. మన ఇంటి ముందు ఎవరైనా కొత్త మనిషి ఉన్నాడా అని అడిగింది.

ఉన్నాడంది సంగీత. పొద్దున ఎప్పుడో వచ్చాడు. నల్లగా, పొడుగ్గా. బోరింగు దగ్గర ఎండలో నిలబడ్డాడు. పెళ్లికొడుకు తరఫు మనిషి ముందుగా వచ్చాడనుకుని దీప అన్న ప్రేమ్‌సింగ్ కుర్చీ కూడా వేశాడు. కూర్చోలేదు. నీళ్లిస్తే వద్దన్నాడు. గొంగడి ఒకటి మన దడి మీద ఆరేశాడు. చెమటకు తడిసిందేమో పాపం. ఇప్పుడు పెళ్లికొడుకు వాళ్లు కూడా దిగారు. వాళ్లేమో మన చుట్టమనుకుంటున్నారు.

నీళ్లు కూడా ముట్టలేదన్న మాట దీపను ఒక్క క్షణం నిలబెట్టింది. కానీ నీళ్లు వేరు. నాయక్ చేతి పళ్లెం ముందుకొస్తే, చుట్టూ మనుషులు చూస్తుంటే, వాడు ఏం చేస్తాడు?

ఇప్పుడు దీప నోరు విప్పితే వాడి ఎముకలు విరుగుతాయి. విప్పకపోతే వాడి చేతిలో బెల్లం పడుతుంది. రెండూ తూచుకునే ఓపిక ఆమెకు లేదు.

"వదినా, నీ కాళ్లు మొక్కుత. గా మనిషి బెల్లం తినొద్దు. నువ్వు పోయి చెవిలేసి రా. గొంగడి ఇంట్లకు తీసుకపో. ఇంకేం అడగకు."

సంగీత గొంతు పూర్తిగా మారిపోయింది. "నువ్వేడున్నవ్ దీపా?"

"భూపాలపల్లి దారిల."

"అమ్మో," అంది సంగీత మెల్లగా. "నేను గది చేస్తే మీ అన్న నన్ను మా అమ్మగారింటి దాక కొట్టుకుంట తీసుకపోతడు. నాకేం వినపడలే. నువ్వు ఫోన్ చేయలే." పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఆ తర్వాత చేసినా ఎత్తలేదు.

లారీ పక్కకు తొలగి దారి తెరుచుకునేసరికి ఎండ చల్లబడింది. హనుమకొండలో కదిలిపోతున్న తొర్రూరు బస్సు వెంట పరుగెత్తి, కండక్టర్ తిట్లు తింటూ ఎక్కింది. సీటు దొరకలేదు. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో ఆట తెరిచింది. వాకిట్లో లాంతరు ఇంకా వెలుగుతోంది. ఇన్నాళ్లలో మొదటిసారి దాని మీద వేలు పెట్టి నొక్కింది.

ఆమె బొమ్మ తలుపు తీసుకుని వచ్చింది. వంగి లాంతరు ఎత్తింది. లోపలికి తీసుకుపోయి గూట్లో పెట్టింది.

అంటే ఆటలో ఆ దారి మొదటి నుంచీ ఉంది. భద్రుడు జవాబు చెప్పే పోతున్నాడు. తీసుకోవాల్సినవాళ్లు తీసుకోలేదు. దీప తెరను చూస్తూ నిలబడింది, బయటి గేటు దగ్గర ఏదైనా కదులుతుందేమోనని. ఏదీ కదల్లేదు. అవతల చూసేవాడు లేడు. చూసేవాడు ఎండలో, తండాలో, నిజం దడి ముందు ఉన్నాడు.

అయినా వాడి మీద కోపం పూర్తిగా పోలేదు. నోటితో ఒక్క మాట అనుంటే ఈ పరుగంతా ఎందుకు? తనకు తెలిసిన గొంగడి భాష లోకమంతటికీ తెలుసనుకున్నాడు. తనూ తక్కువ తిన్నదా? బెల్లం అంటే ఏమిటో ఏనాడైనా వాడికి చెప్పిందా?

తొర్రూరులో ఆటోవాడు ఇంకో మనిషి ఎక్కేదాకా ఆగుతానన్నాడు. ఆమె ముఖం చూసి, ఆగకుండానే తోలాడు.

*

తండా మలుపులో దిగేసరికి పొద్దు గుట్ట మీదికి ఒరిగింది. దీప పరుగెత్తింది. ఇంటి ముందు టెంటు కింద మనుషులున్నారు గానీ మాటలు లేవు. బెల్లం తిన్న చోట నవ్వులుంటాయి, పాటలుంటాయి. ఇక్కడ ఏవీ లేవు.

పళ్లెం ఒక చోట ఆగిపోయి ఉంది.

చుట్టూ కూర్చున్నవాళ్ల మధ్య ఐలేశ్ నిలబడి ఉన్నాడు. అన్న ప్రేమ్‌సింగ్ అతని చొక్కా కాలర్ పట్టుకున్నాడు. కుర్చీ వేసి మర్యాద చేసింది తనే కావడంతో ప్రేమ్‌సింగ్ కోపం రెట్టింపైంది. నాయక్ బాల్‌సింగ్ రెండు వేళ్ల మధ్య తన బెల్లం ముక్క పట్టుకుని అలాగే ఉన్నాడు. నోట్లో వేసుకోలేదు. దీప తండ్రి టీక్యా తల వంచుకుని నేల చూస్తున్నాడు.

దీప చూపు మొదట ఐలేశ్ నోటి మీదికి, ఆ తర్వాత దడి మీదికి పోయింది. గొంగడి అక్కడే ఉంది. సంగీత ముట్టలేదు.

"అందరు తీసుకున్నరు. ఇతనొక్కడే వద్దంటడు," అన్నాడు బాల్‌సింగ్, వచ్చినవాళ్లకు వినపడేలా. "మన తాన బెల్లం వద్దన్నోడు ఎందుకు వద్దంటున్నడో చెప్పాలె. చెప్పకుంట పళ్లెం కదల్ది. ఎవల తరపోడు ఇతను?"

మీవాడనుకున్నామన్నారు పెళ్లికొడుకు వాళ్లు. మీవాడే గదా అన్నారు ఇటువాళ్లు.

కట్టుబాటు తెలియని మనిషి, తెలిసినవాడు కూడా చేయడానికి జంకే పని చేశాడు. తెలిసి కాదు. గొంగడి వేసిన ఇంట్లో మాట తేలేదాకా ఏమీ తినకూడదని తండ్రి నేర్పిన పాఠం ఒక్కటే వాడికి తెలుసు. ఆ పాఠం తండా మొత్తాన్ని నిలబెట్టేసింది. కానీ ఇప్పుడు చెప్పాల్సి వచ్చేసరికి వాడి నోరు పడిపోయింది.

జనాన్ని తోసుకుని వస్తున్న దీపను అప్పుడు చూశాడు. ఇంట్లోంచి కాక రోడ్డు మీంచి రావడం చూసి బిత్తరపోయాడు.

"పొద్దటి సంది గొంగడి అట్లనే ఉన్నది," అన్నాడు బొంగురుగా. "నువ్వు వద్దన్నవనుకున్న."

"నేను లోపల లేను. నీకోసం భూపాలపల్లి పోయిన." దీప అతని ఎదుటికొచ్చి నిలబడింది. "వద్దన్ననుకున్నంక గూడ ఎందుకున్నవ్ మరి?"

"ఏసిన గొంగడి నేనే తీసుకపోవద్దు."

ప్రేమ్‌సింగ్ చేయి కాలర్ మీంచి మెడ మీదికి పోయింది. దీప అన్న చేతిని విడిపించలేదు. అన్నకు అడ్డం కూడా రాలేదు. ఐలేశ్ కళ్లలోకి చూసింది. "నాయక్ అడుగుతున్నడు. నాకు తెలుసు నీ జవాబు. వీళ్లకు తెల్వది. నోటితోని చెప్పు."

ఆటలో అయితే ఇక్కడ తెర మీద మాటలు వస్తాయి, నచ్చింది నొక్కితే సరిపోతుంది. ఐలేశ్ పెదాలు కదిలాయి, ఆగాయి. చెప్పకపోతే ఈ పొద్దు ఇక్కడితో అయిపోతుంది. గొంగడి, లాంతరు, అన్నీ బొమ్మలాటే అవుతాయి.

"నాది లింగాల ఘనపూర్," అన్నాడు ఐలేశ్ నాయక్ వైపు తిరిగి. "కురుమోళ్ల పిలగాన్ని. దీపను నాకియ్యమని అడగనీకె వచ్చిన. పొద్దుగాల్నే వచ్చి బయటనే నిలబడ్డ. లోపలికొచ్చి అడగాల్సుండె. గది నా తప్పు. గీ బెల్లం మాత్రం నేను తినను. సంపినా తినను."

ప్రేమ్‌సింగ్ కొట్టాడు. ఐలేశ్ పడ్డాడు, లేచి మళ్లీ అక్కడే నిలబడ్డాడు. చేయి ఎత్తలేదు. రెండో దెబ్బకు ముందే పెళ్లికొడుకు సుభాష్ లేచి నిలబడ్డాడు. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. చేతిలోని బెల్లం ముక్క పళ్లెంలో పెట్టి, లే బాపూ పోదాం అని తండ్రిని భుజం పట్టి లేపాడు. మంచివాడని చెప్పింది నిజమే. దీప వైపు ఒక్కసారి చూశాడు, అంతే. ఆ చూపును ఆమె చాలాకాలం మోయాల్సి ఉంటుంది.

బాల్‌సింగ్ తన ముక్కను కూడా పళ్లెంలో వేశాడు. "ఇయ్యాల బెల్లం లేదు. పళ్లెం లోపల పెట్టుండ్రి," అన్నాడు. ఆ మాటతో టెంటు కింద ఆపుకున్న గోలంతా ఒక్కసారి పైకి లేచింది.

దీప ఆ గోలలోంచి దడి దగ్గరికి నడిచింది. గొంగడి ఎండకు కాగి, గొర్రె వాసన కొడుతోంది. దాన్ని తీసి, మడత పెట్టి, చంకలో పెట్టుకుని గుమ్మం ఎక్కింది. గుమ్మంలో లచ్చి నిలబడి ఉంది. కూతురి చెంప పగిలేలా కొట్టింది. దీప ఆగలేదు. లోపలికి పోయి గొంగడిని తన పెట్టె మీద పెట్టింది. రొట్టెలుంచే వెదురు గుల్ల దగ్గర వంగింది. లచ్చి ఏడుస్తూ చూస్తూనే ఉంది గానీ, ఆ గుల్ల మీద చేయి మాత్రం అడ్డం పెట్టలేదు.

జొన్నరొట్టె మీద ఎర్రకారం వేసి దీప బయటికి తెచ్చింది. పెదవి చిట్లి నిలబడ్డ ఐలేశ్ చేతిలో అందరి ముందూ పెట్టింది.

అతను రొట్టెను చూశాడు. దడి వైపు చూశాడు. దడి మీద ఏమీ లేదు. పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని మనిషి రొట్టె విరిచి నోట్లో పెట్టుకున్నాడు. చిట్లిన పెదవికి కారం తగిలి కళ్లలో నీళ్లు తిరిగాయి. నిలబడే నమిలాడు.

తినే మనిషి మీద ఆ తండాలో ఎవరూ చేయి చేసుకోరు. ప్రేమ్‌సింగ్ పిడికిలి బిగించి, ఆ రొట్టె ఎప్పుడైపోతుందా అని చూస్తూ నిలబడ్డాడు. దీప అది చూసింది. లోపలికి పోయి ఇంకో రొట్టె తెచ్చింది.